1985 విల్లనోవా: షాట్ క్లాక్ ఉండుంటే గెలిచేవాళ్లా? (పాత కాలేజీ బాస్కెట్‌బాల్ ముచ్చట్లు)

పాతకాపు_ఫిల్లీ | మార్చి 16, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మార్చి వచ్చింది కదా, ఎక్కడ చూసినా అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్ బ్రాకెట్ల (ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ఊహించి నింపే పట్టీలు) గోలే. మా అబ్బాయి నాలుగు నింపాడు. నన్నూ ఒకటి నింపమంటే "నాకు 1985తోనే ఈ ఆట అయిపోయిందిరా" అన్నాను. అంతే, ఇంట్లో పంచాయితీ మొదలైంది. అది తేలక ఇక్కడికి తెచ్చాను.

కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1984 ఆగస్టులో కాకినాడ నుంచి ఎమ్మెస్‌కి ఫిలడెల్ఫియా వచ్చాను. రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, మా అమ్మ గుడ్డ చుట్టి ఇచ్చిన ఆవకాయ సీసా. బాస్కెట్‌బాల్ అంటే మా కాలేజీ గ్రౌండ్‌లో వల ఊడిపోయిన ఒక రింగు, దాని మీద ఆరేసిన తువ్వాళ్లు. అంతే తెలుసు. ఆరుగురం ఒకే అపార్ట్‌మెంట్. ఎవరో ఫుట్‌పాత్ మీద వదిలేసిన బ్లాక్ అండ్ వైట్ టీవీని మోసుకొచ్చాం. యాంటెన్నా లేదు. బట్టలు తగిలించే ఇనుప హ్యాంగర్‌ని వంచి గుచ్చాం. దాన్ని ఎవరో ఒకరు పట్టుకుని నిలబడితేనే బొమ్మ.

1985 ఏప్రిల్ 1, సోమవారం రాత్రి. ఆ టోర్నమెంట్ ఫైనల్ లెక్సింగ్టన్‌లో, రప్ అరీనాలో. ఒకవైపు జార్జ్‌టౌన్: అంతకుముందు ఏడాది చాంపియన్లు, ఏడడుగుల ప్యాట్రిక్ యూయింగ్, 35 గెలుపులు, రెండే ఓటములు. రెండోవైపు మా ఊరి శివారు కాలేజీ విల్లనోవా. టోర్నమెంట్‌లో వాళ్ల రీజియన్‌లో ఎనిమిదో సీడ్, అంటే ఎనిమిదో ర్యాంకు. సీజన్‌లో పది ఓడారు, అందులో రెండు ఈ జార్జ్‌టౌన్ చేతిలోనే. మర్నాడు పేపర్‌లో ఎంత తేడాతో ఓడారని వస్తుందో అన్నదే అప్పటి చర్చ. పైగా ఏప్రిల్ ఫూల్ రోజు.

66-64. విల్లనోవా గెలిచింది.

చివర్లో డ్వేన్ మెక్లెయిన్ నేల మీద పడి, బంతిని కడుపుకి హత్తుకుని అలాగే ఉండిపోయాడు, టైమ్ అయిపోయేదాకా. ఆట ఆఖరి రెండు నిమిషాలూ యాంటెన్నా పట్టుకున్న మా రూమ్మేట్‌కి మాత్రం టీవీ వెనక గోడ తప్ప ఏమీ కనపడలేదు. పాపం, మా అరుపుల్ని బట్టి స్కోరు ఊహించుకున్నాడు.

మొన్న ఇంటర్నెట్‌లో మ్యాచ్ మొత్తం దొరికితే మా అబ్బాయిని కూర్చోబెట్టి చూపించాను. పది నిమిషాలు చూసి "నాన్నా, వీళ్లు షాట్ వెయ్యరేంటి? షాట్ క్లాక్ లేదు కాబట్టి గెలిచారు, ఉండుంటే ఇరవై పాయింట్లతో ఓడేవాళ్లు" అన్నాడు. నాకు మండింది. మీరేమంటారు?

---

కొత్తమీర | మార్చి 16, ఉదయం 9:15

బాబాయ్, ఒక్క నిమిషం. షాట్ క్లాక్ లేకపోవడం ఏంటి? అంటే ఎంతసేపైనా బంతి పట్టుకుని కూర్చోవచ్చా? రిఫరీ ఏమీ అనడా?

---

లెక్కల_మాస్టారు | మార్చి 16, ఉదయం 9:52

కూర్చోవచ్చు తల్లీ. షాట్ క్లాక్ అంటే ఇన్ని సెకన్లలోగా షాట్ వెయ్యాలని పెట్టే గడియారం, అప్పుడది లేదు. అదే అప్పటి ఆట.

ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 24 సెకన్ల గడియారం 1954లోనే వచ్చింది. కాలేజీ పురుషుల ఆటకి అది చేరడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 1985-86 సీజన్ నుంచి 45 సెకన్లు, ఆ తర్వాత 1993-94లో 35, 2015-16 నుంచి 30. మూడు పాయింట్ల గీత (దాని అవతలనుంచి వేస్తే రెండు బదులు మూడు) దేశమంతా వచ్చింది 1986-87లో, 19 అడుగుల 9 అంగుళాల దూరంలో. అంటే మన పాతకాపు గారు చూసిన ఫైనల్ గడియారమూ, మూడు పాయింట్లూ లేని చిట్టచివరి ఫైనల్. అదే ఏడు టోర్నమెంట్‌ని 64 జట్లకి పెంచారు. పాత ఆటకి ఆఖరి రోజు, కొత్త టోర్నమెంట్‌కి మొదటి ఏడాది రెండూ ఒక్కసారే వచ్చాయి.

ఇక అంకెలు. విల్లనోవా ఆ రాత్రి వేసింది 28 షాట్లు, పడినవి 22. అంటే 78.6 శాతం. రెండో సగంలో పదికి తొమ్మిది. హెరాల్డ్ జెన్సెన్ అనే కుర్రాడు బెంచ్ మీంచి లేచొచ్చి ఐదుకి ఐదు వేశాడు. రెండున్నర నిమిషాలు ఉందనగా జట్టుని మళ్లీ ముందుకి తెచ్చిన షాట్ అతనిదే.

అందరూ ఈ 78.6 దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే చూడాల్సింది వేరే. జార్జ్‌టౌన్ 53 షాట్లు వేసి 29 పడేసింది. విల్లనోవా కంటే ఏడు బుట్టలు ఎక్కువ. అయినా ఓడింది. ఎందుకు? ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్‌కి బదులు ఇచ్చే ఒక్కో పాయింటు షాట్లు. విల్లనోవా 27కి 22, జార్జ్‌టౌన్ 8కి 6. కూడి చూసుకోండి: 44+22, 58+6.

గడియారం సంగతి సాయంత్రం రాస్తాను. ఇప్పుడు క్లాసు ఉంది.

---

టార్‌హీల్_తెలుగు | మార్చి 16, ఉదయం 10:30

బంతి పట్టుకుని ఆడటాన్ని తప్పులా మాట్లాడకండి. అది ఒక విద్య. మా నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్ 'ఫోర్ కార్నర్స్' అని ఆడించేవాడు. నలుగురు నాలుగు మూలలకి వెళ్తారు, మధ్యలో ఒకడు బంతి తట్టుకుంటూ తిరుగుతాడు. అవతలివాడు మీదకి వస్తే ఖాళీ అయిన మూలకి పాస్. రాకపోతే గడియారం కరుగుతుంది. ఆధిక్యంలో ఉన్నవాడు ఎందుకు తొందరపడాలి? క్రికెట్ టెస్టుల్లో మనం మాత్రం చివరి రోజు డ్రా కోసం బ్లాక్ చేయలేదా?

---

తోడేలు83 | మార్చి 16, ఉదయం 10:41

వచ్చారండీ నీలం చొక్కా వాళ్లు. విద్య అంట.

1979 ఫిబ్రవరిలో డ్యూక్ మీద ఆడిన మీ విద్య చెప్పనా? మొదటి సగం అయ్యేసరికి స్కోరు 7-0. మీది సున్నా. ఇరవై నిమిషాల్లో రెండే షాట్లు, రెండూ రింగుకి కూడా తగల్లేదు. స్టేడియంలో కుర్రాళ్లు "ఎయిర్ బాల్, ఎయిర్ బాల్" అని రాగం తీశారు. ఇప్పటికీ ప్రపంచమంతా తీసే ఆ రాగం పుట్టింది ఆ రాత్రే అంటారు. రెండో సగం మామూలుగా ఆడితే 40-40. అంటే మొదటినుంచీ ఆడుంటే గెలిచే అవకాశం ఉండేదేమో! 47-40తో ఓడారు.

---

టార్‌హీల్_తెలుగు | మార్చి 16, ఉదయం 11:05

అన్నా, ఏటా అదే పాట. ఒప్పుకుంటున్నా, ఆ రోజు తేడా కొట్టింది.

కానీ 1982 చూడు. మార్చి 7, ఏసీసీ (మా జట్లన్నీ ఉండే కాన్ఫరెన్స్, అంటే కాలేజీల లీగ్) ఫైనల్, గ్రీన్స్‌బరో. అవతల వర్జీనియా, ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్. ఒక్క పాయింటు ముందున్నాం. ఏడు నిమిషాల పైచిలుకు ఉందనగా మావాళ్లు బంతి పట్టుకున్నారు. ఇటు జోర్డాన్, వర్తీ, పెర్కిన్స్. అటు శాంప్సన్. అంతమంది మేటి ఆటగాళ్లు కోర్టులో నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. 47-45తో గెలిచాం. దేశమంతా టీవీలో చూసింది. జనానికి ఒళ్లు మండిపోయింది.

నిజం చెప్పాలంటే గడియారం రావడానికి మా గెలుపు కూడా ఒక కారణం. మర్నాటి సీజన్‌లోనే ఏసీసీ తన మ్యాచ్‌లలో 30 సెకన్ల గడియారం, 17 అడుగుల 9 అంగుళాల దగ్గర మూడు పాయింట్ల గీత పెట్టి చూసింది.

అదే నెలాఖరున న్యూ ఆర్లీన్స్‌లో కప్పు కూడా కొట్టాం, జార్జ్‌టౌన్ మీద 63-62. సూపర్‌డోమ్‌లో 61,612 మంది. మా మొదటి నాలుగు బుట్టలూ పడినవి కావు, బుట్టలోకి దిగుతున్న బంతిని యూయింగ్ గాల్లో కొట్టేస్తే (గోల్‌టెండింగ్) ఇచ్చినవి. ఆఖర్న ఎడమ పక్కనుంచి మొదటి ఏడాది కుర్రాడు మైకేల్ జోర్డాన్ షాట్. తర్వాత జార్జ్‌టౌన్ గార్డ్ ఫ్రెడ్ బ్రౌన్ కంగారులో బంతిని నేరుగా మా జేమ్స్ వర్తీ చేతిలో పెట్టాడు. మ్యాచ్ అయ్యాక వాళ్ల కోచ్ జాన్ థాంప్సన్ ఆ పిల్లాణ్ని దగ్గరికి తీసుకుని పట్టుకున్న దృశ్యం, మావాళ్లు గెలిచారన్న ఆనందంలో కూడా నా కళ్లలో ఉండిపోయింది.

---

కూతగాడు | మార్చి 16, మధ్యాహ్నం 12:20

నాకు బాస్కెట్‌బాల్ రాదు, కబడ్డీ వచ్చు. మీరు చెప్పేది మాకు బాగా తెలిసిన రోగమే. ముందున్న జట్టు ఊరికే గీత దాటి, కూత పెట్టి, తిరిగొచ్చేసేది. టైమ్ పాస్. అందుకే ప్రో కబడ్డీలో రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోది 'డూ ఆర్ డై' పెట్టారు. పాయింటు తెచ్చావా సరే, లేదా అవుట్. టీవీ వాడికి ఖాళీ కూతలు పనికిరావు కదా.

---

కొత్తమీర | మార్చి 16, మధ్యాహ్నం 12:34

కూతగాడు గారూ, ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు అర్థమైంది.

---

తోడేలు83 | మార్చి 16, మధ్యాహ్నం 2:10

అయితే నా కథ కూడా వినండి. మా జట్టు పేరు 'వుల్ఫ్‌ప్యాక్', తోడేళ్ల గుంపు. నా పేరులోనే పెట్టుకున్నాను కాబట్టి తప్పదు.

1983లో నేను రాలీలో ఉన్నాను, పీహెచ్‌డీ రెండో ఏడాది. మా ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్) జట్టు ఆ ఏడు పది మ్యాచ్‌లు ఓడింది. జనవరిలో డెరెక్ విటెన్‌బర్గ్ పాదం విరిగింది, అంతటితో సీజన్ అయిపోయిందనుకున్నాం. ఏసీసీ టోర్నమెంట్ గెలిస్తేనే ముందుకి. మొదటి రోజు వేక్ ఫారెస్ట్ మీద ఒక్క పాయింటు తేడా, 71-70. రెండో రోజు ఎక్స్‌ట్రా టైమ్‌లో నార్త్ కరోలినా, 91-84 (టార్‌హీల్ తమ్ముడూ, ఈ లైను రెండుసార్లు చదువుకో). మూడో రోజు శాంప్సన్ ఉన్న వర్జీనియా, 81-78.

అసలు టోర్నమెంట్‌లో మొదటి మ్యాచే పెపర్‌డైన్‌తో రెండు ఎక్స్‌ట్రా టైమ్‌లు, 69-67. తర్వాత నెవాడా లాస్ వేగాస్ మీద 71-70. మళ్లీ వర్జీనియా మీద 63-62. మా ల్యాబ్‌లో ఒక చైనా కుర్రాడు ఉండేవాడు, ప్రతి మ్యాచ్ తర్వాతా వచ్చి "ఇంకా బతికే ఉన్నారా?" అనేవాడు.

పద్ధతి ఏంటంటే, వెనకబడితే ఫౌల్ చెయ్యడం. అప్పట్లో ఫౌల్ చేస్తే ఒక ఫ్రీ త్రో, అది పడితేనే రెండోది. అవతలివాడు మొదటిది తప్పితే బంతి మనది. మా కోచ్ జిమ్ వల్వానో ఈ జూదం మీదే బండి లాగాడు.

ఫైనల్ ఏప్రిల్ 4, అల్బకర్కీ. హ్యూస్టన్ వరసగా 26 గెలిచి వచ్చింది. అకీమ్ ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్. సెమీస్‌లో లూయివిల్ మీద డంకుల (బంతిని పైనుంచి రింగులోకి కుక్కడం) వాన కురిపించారు. వల్వానో పత్రికల వాళ్లతో, బంతి మాకు దొరికితే మంగళవారం పొద్దుటిదాకా షాట్ వెయ్యమన్నట్టు జోకులేశాడు. తీరా కోర్టులోకి దిగాక మావాళ్లు మామూలుగానే ఆడి మొదటి సగం 33-25 ముందున్నారు.

ఇక్కడే అసలు సంగతి. రెండో సగంలో హ్యూస్టన్ విజృంభించి 42-35కి వెళ్లింది. అలాగే ఉరికితే మా పని అయిపోయేది. కానీ వాళ్ల కోచ్ గై లూయిస్ ఆట నెమ్మదించమన్నాడు. అల్బకర్కీ ఐదు వేల అడుగుల ఎత్తున ఉంది, కుర్రాళ్లు రొప్పుతున్నారు, ఆధిక్యం ఉంది, గడియారం లేదు. తప్పేముంది అనుకున్నాడు. గుర్రాన్ని కట్టేసి గాడిదతో పందెం వేసినట్టయింది. మావాళ్లు ఫౌల్ చెయ్యడం, వాళ్లు ఫ్రీ త్రోలు వదిలెయ్యడం. 52-52.

చివరి క్షణాల్లో విటెన్‌బర్గ్ ముప్పై అడుగుల నుంచి ఏదో విసిరాడు. అది షాట్ కాదు, గాలిపటం. రింగుకి ముందే పడిపోతుంటే లొరెంజో చార్ల్స్ గాల్లో అందుకుని రెండు చేతులతో కుక్కేశాడు. 54-52. ఒలాజువాన్ పక్కనే నిలబడి చూశాడు. ఆ టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడి అవార్డు మాత్రం ఓడిపోయిన అతనికే వచ్చింది.

వల్వానో ఎవరిని కౌగిలించుకోవాలో తెలీక కోర్టంతా పరిగెత్తాడు. మేం హిల్స్‌బరో స్ట్రీట్ మీదకి పరిగెత్తాం. నా హవాయి చెప్పుల్లో ఒకటి ఇప్పటికీ ఆ రోడ్డు మీదే ఎక్కడో ఉంది. అదే ఏడు జూన్ 25న లార్డ్స్‌లో కపిల్ దేవ్ వెనక్కి పరిగెత్తి రిచర్డ్స్ క్యాచ్ పట్టాడని తెలిసినప్పుడు నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. ఆ ఏడాదే అలాంటిది.

---

పాతకాపు_ఫిల్లీ | మార్చి 16, మధ్యాహ్నం 2:45

తోడేలు గారూ, మీరు చెప్పింది మా అబ్బాయి మాటకి పూర్తిగా ఎదురు. గడియారం లేకపోవడం వల్ల బలహీనుడే బతికిపోతాడు అంటాడు వాడు. మీ మ్యాచ్‌లో గడియారం లేకపోవడం వల్ల బలవంతుడు చెడిపోయాడు!

---

ఏంజెలెస్_ఏకాంబరం | మార్చి 16, సాయంత్రం 4:30

మీరంతా ఎనభైల్లోనే తిరుగుతున్నారు. అంతకు ముందు ఒకాయన ఉన్నాడు: జాన్ వుడెన్, యూసీఎల్‌ఏ. 1964 నుంచి 1975 మధ్య పన్నెండేళ్లలో పది టైటిళ్లు, అందులో 1967 నుంచి 1973 వరకు వరసగా ఏడు. దాని ముందు మీ విల్లనోవా ఒక్క రాత్రి ముచ్చట.

---

కొత్తమీర | మార్చి 16, సాయంత్రం 4:41

వరసగా ఏడా? ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే కదా? ఎలా సాధ్యం?

---

ఏంజెలెస్_ఏకాంబరం | మార్చి 16, సాయంత్రం 5:25

మంచి ప్రశ్న. సగం గొప్పతనం, సగం ఏర్పాటు.

ఏర్పాటు ముందు చెప్తాను. అప్పట్లో టోర్నమెంట్‌కి ఇరవై పైచిలుకు జట్లే. ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టే. పశ్చిమ దిక్కు జట్లు పశ్చిమంలోనే ఆడుకునేవి, తూర్పు పులులు తూర్పులోనే ఒకదాన్నొకటి తినేసేవి. కప్పు కొట్టడానికి నాలుగైదు మ్యాచ్‌లు చాలు. ఈ పద్ధతిలో అన్యాయం ఎంతంటే, 1974 ఏసీసీ ఫైనల్లో మేరీల్యాండ్ ఎక్స్‌ట్రా టైమ్‌లో 103-100తో ఎన్‌సీ స్టేట్ చేతిలో ఓడింది. దేశంలో మొదటి నాలుగైదు జట్లలో ఒకటి, టోర్నమెంట్‌కి పిలుపే లేదు. మర్నాటి ఏడాదే 32 జట్లకి పెంచి, ఒక కాన్ఫరెన్స్ నుంచి రెండో జట్టుకీ తలుపు తీశారు.

ఇక గొప్పతనం. 1965 నవంబర్‌లో కొత్తగా కట్టిన పాలీ పవిలియన్‌లో యూసీఎల్‌ఏ సీనియర్ జట్టు, రెండేళ్లుగా జాతీయ చాంపియన్, తన సొంత కాలేజీ మొదటి ఏడాది పిల్లల జట్టుతో ఆడింది. పిల్లలు గెలిచారు, 75-60. అందులో లూ ఆల్సిండర్ అనే పొడుగబ్బాయి 31 పాయింట్లు వేశాడు. తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్ అయింది అతనే. రూల్ ప్రకారం మొదటి ఏడాది వాళ్లు సీనియర్ జట్టుకి ఆడకూడదు, కాబట్టి ఆ ఏడాదంతా పిల్లల జట్టుకే అంకితం. 1972-73లో గానీ ఆ రూల్ పోలేదు. అతను దిగిన ఏడాది ఒక్కటీ ఓడలేదు. మర్నాటి ఏడు కాలేజీ ఆటలో డంక్‌నే నిషేధించారు. 1976 దాకా ఆ నిషేధం ఉంది. పేరు పెట్టి చెప్పలేదు గానీ జనం దాన్ని ఆల్సిండర్ రూల్ అన్నారు.

1968 జనవరి 20. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్. బేస్‌బాల్ స్టేడియం మధ్యలో కోర్టు వేశారు, అది కూడా లాస్ ఏంజెలెస్ నుంచి లారీల్లో తెప్పించిన చెక్క. 52,693 మంది. దగ్గరి సీటు కూడా ఆమడ దూరమే. పెళ్లిపందిట్లో ఆఖరి వరసలో కూర్చుని తలంబ్రాలు చూసినట్టు. యూసీఎల్‌ఏ 47 వరస గెలుపులతో వచ్చింది. ఆల్సిండర్‌కి కంట్లో గీరుకుపోయి వారం పైన అయింది, సరిగ్గా కనపడదు. హ్యూస్టన్ తరఫున ఎల్విన్ హేస్ 39 వేశాడు. 71-69తో హ్యూస్టన్ గెలిచింది. కాలేజీ బాస్కెట్‌బాల్‌ని రాత్రిపూట దేశమంతా టీవీలో చూస్తారని అప్పుడే తెలిసింది. ఆ మార్చిలో సెమీస్‌లో మళ్లీ కలిశారు. యూసీఎల్‌ఏ 101, హ్యూస్టన్ 69. కంటి గాయం మానింది మరి.

---

తోడేలు83 | మార్చి 16, సాయంత్రం 5:40

ఏకాంబరం గారు మర్యాదగా ఒకటి దాచారు. వరస ఏడుని ఆపింది ఎవరు? 1974 సెమీస్, రెండు ఎక్స్‌ట్రా టైమ్‌లు, 80-77. మేమే.

---

ఏంజెలెస్_ఏకాంబరం | మార్చి 16, సాయంత్రం 5:44

దాచలేదండీ. మీరు ఎలాగూ చెప్తారని వదిలేశాను.

---

సరిత_స్టార్క్‌విల్ | మార్చి 16, రాత్రి 7:05

ఇన్ని స్కోర్లు చెప్పుకున్నారు, ఆడటానికే దొంగతనంగా వెళ్లిన జట్టు గురించి ఎవరూ చెప్పలేదు.

నేను చదివింది మిసిసిపీ స్టేట్‌లో. ఈ జట్టు 1959, 61, 62ల్లో తన కాన్ఫరెన్స్‌లో పైన నిలిచింది. మూడుసార్లూ జాతీయ టోర్నమెంట్‌కి వెళ్లలేదు. కారణం ఒక్కటే: అక్కడ నల్లజాతి ఆటగాళ్లున్న జట్లతో ఆడాల్సి రావచ్చు. చట్టం రాసి లేదు, అయినా రాష్ట్రంలో అది కట్టుబాటు. 1963లో మళ్లీ గెలిచారు. ఈసారి యూనివర్సిటీ ప్రెసిడెంట్ డీన్ కొల్వార్డ్ (పేరే డీన్, పదవి ప్రెసిడెంట్) వెళ్లాల్సిందే అన్నాడు. ఇద్దరు రాజకీయ నాయకులు కోర్టు నుంచి స్టే తెచ్చారు. ఆ కాగితం చేతికందక ముందే కోచ్ బేబ్ మెకార్తీ కార్లో రాష్ట్రం దాటేశాడు. మర్నాడు పొద్దున ముందు బెంచీ కుర్రాళ్లని విమానాశ్రయానికి పంపి, ఎవరూ ఆపడం లేదని తెలిశాక అసలు ఆటగాళ్లని ఎక్కించారు. ఇంటర్మీడియట్‌లో గోడ దూకి సినిమాకి వెళ్లిన మనకి ఆ పద్ధతి కొత్తేమీ కాదు, కానీ వాళ్లు దూకిన గోడ వేరు.

మార్చి 15, ఈస్ట్ లాన్సింగ్. అవతల షికాగో లయోలా, ఐదుగురిలో నలుగురు నల్లవాళ్లు. ఆట మొదలవక ముందు కెప్టెన్లు చేయి కలపాలి. జెర్రీ హార్క్‌నెస్, జో డాన్ గోల్డ్. చేతులు కలవగానే కెమెరా ఫ్లాష్‌లు ఒక్కసారిగా టపటపా పేలాయి. ఆ వెలుగులకి, ఇది మామూలు మ్యాచ్ కాదని హార్క్‌నెస్‌కి అప్పుడు తట్టిందట. లయోలా 61-51తో గెలిచింది, ఆ ఏడు కప్పు కూడా కొట్టింది. ఫైనల్లో సిన్సినాటి మీద పదిహేను పాయింట్లు వెనకబడి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 60-58.

అందరూ 1966 గురించి చెప్తారు. టెక్సస్ వెస్టర్న్ ఐదుగురు నల్ల ఆటగాళ్లతో దిగి, అందరూ తెల్లవాళ్లే ఉన్న కెంటకీని 72-65తో ఓడించడం. అది పెద్దదే. నాకు మాత్రం ఈ ఓడిపోయిన జట్టే గుర్తుంటుంది. ఓడి ఇంటికొచ్చాక వాళ్లని ఊరి జనం బాగానే చూశారని చెప్పేవారు మా ప్రొఫెసర్ ఒకాయన.

---

పాతకాపు_ఫిల్లీ | మార్చి 16, రాత్రి 7:30

సరిత గారూ, ఇది నాకు తెలీదు. నలభై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నాను. ధన్యవాదాలమ్మా.

---

మోడరేటర్ | మార్చి 16, రాత్రి 8:02

చర్చ బాగుంది, కానీ శీర్షిక విల్లనోవా అని ఉంది. మాస్టారి కోసం ఎదురుచూస్తున్నాం.

---

లెక్కల_మాస్టారు | మార్చి 16, రాత్రి 9:20

వచ్చాను. అన్నం తిని కూర్చున్నాను, ఇక తేల్చేద్దాం.

పాతకాపు గారి అబ్బాయి మాట: విల్లనోవా బంతి పట్టుకుని కాలం గడిపింది, 28 షాట్లే అందుకు సాక్ష్యం. వినడానికి సరిగ్గానే ఉంది. కానీ 28 షాట్లు అంటే 28 సార్లే బంతి దొరికిందని కాదు. 27 ఫ్రీ త్రోలు ఉన్నాయి, అంటే ఇంకో పన్నెండు పదమూడు సార్లు బంతి వాళ్లదే, ఫౌల్‌తో ముగిసింది. పైగా 17 సార్లు బంతి పోగొట్టుకున్నారు. జార్జ్‌టౌన్ ప్రెస్ (కోర్టంతా మీదపడి అడ్డుకోవడం) అలాంటిది, ఊపిరాడనివ్వదు. అన్నీ కలిపితే 57 దాకా వస్తాయి.

ఆట నలభై నిమిషాలు, 2,400 సెకన్లు. అందులో మూడింట రెండు వంతులు విల్లనోవా చేతిలోనే బంతి ఉందనుకుందాం, ఇది కావాలనే ఎక్కువ వేస్తున్నాను. 1,600 సెకన్లు. 57తో భాగించండి. 28 సెకన్లు. అంటే సగటు తీసుకుంటే మర్నాటి ఏడు వచ్చిన 45 సెకన్లలోపే కాదు, ఇప్పుడున్న 30 లోపు కూడా! ఉజ్జాయింపే, సగటే. కొన్నిసార్లు నిమిషం పైన పట్టుకున్నారు, అక్కడ గడియారం ఉంటే ఇబ్బందే. కానీ ఇరవై పాయింట్ల తేడా మాత్రం రాదు.

వాళ్లు కాలాన్ని చంపలేదు. మంచి షాట్ దొరికేదాకా ఆగారు. గవాస్కర్ 1975 ప్రపంచకప్‌లో 60 ఓవర్లు నిలబడి 36 నాటౌట్ చేశాడు చూడండి, అది కాలం చంపడం. ఇది అది కాదు.

టోర్నమెంట్ మొత్తం చూసినా వాళ్లది అదే ఒడుపు. డేటన్ మీద 51-49, అదీ డేటన్ సొంత కోర్టులో. మిషిగన్ మీద 59-55, మేరీల్యాండ్ మీద 46-43, నార్త్ కరోలినా మీద 56-44, సెమీస్‌లో మెంఫిస్ స్టేట్ మీద 52-45. అవతలి జట్టుని అరవై చేరనివ్వలేదు. ఫైనల్లో జార్జ్‌టౌన్ ఒక్కటే దాటింది. అంటే వీళ్లని గెలిపిస్తూ వచ్చింది డిఫెన్స్. కోచ్ రాలీ మాసిమినో అవతలివాడు తల గోక్కునేలా జోన్‌లు (ఒక్కొక్కరు కోర్టులో ఒక్కో చోటు కాసే పద్ధతులు) మార్చి మార్చి వేసేవాడు. దానికి గడియారంతో పనేముంది? గడియారం ఉంటే కంగారుపడాల్సింది అవతలివాడు కూడా.

నా తీర్పు: గడియారం ఉన్నా దగ్గరి మ్యాచే అయ్యేది. గెలిచేవాళ్లా అంటే, పది సార్లు ఆడితే రెండు మూడు. లేకపోయినా అంతే. ఆ రెండు మూడింట్లో ఒకటి ఆ రాత్రి పడింది.

---

కూతగాడు | మార్చి 16, రాత్రి 9:41

మాస్టారు భాగహారం చేస్తే నాకు స్కూలు గుర్తొచ్చి చెమటలు పట్టాయి. కానీ ఒప్పుకుంటున్నా.

---

టార్‌హీల్_తెలుగు | మార్చి 16, రాత్రి 9:58

56-44 అని మమ్మల్ని కూడా మధ్యలో ఒక పోటు పొడిచారు మాస్టారూ. పర్లేదు. ఒక్క అభ్యంతరం: మూడు పాయింట్ల గీత ఉంటే? విల్లనోవావాళ్ల షాట్లలో దూరం నుంచి పడినవి లెక్కేస్తే స్కోరు ఇంకా పెరిగేదేమో.

---

లెక్కల_మాస్టారు | మార్చి 16, రాత్రి 10:06

ఎక్కువ పదిహేను, పదహారు అడుగులవే నాయనా. గీత 19 అడుగుల 9 అంగుళాలు. ఆ గీతతో పండగ చేసుకున్నది 1987 ఫైనల్లో ఇండియానా స్టీవ్ ఆల్ఫర్డ్, ఏడు త్రీలు. అయినా ఆ మ్యాచ్ గెలిపించింది కీత్ స్మార్ట్ వేసిన రెండు పాయింట్ల షాటే, 74-73. ఓడిన సిరక్యూస్ అభిమానులు ఎవరైనా ఉంటే క్షమించాలి.

---

పాతకాపు_ఫిల్లీ | మార్చి 17, ఉదయం 7:50

మాస్టారూ, మీ లెక్క ప్రింటు తీసి మా అబ్బాయి టిఫిన్ ప్లేటు పక్కన పెట్టాను. ఇడ్లీ తింటూ చదివాడు. "సగటు గురించి చెప్పారు, ఆఖరి ఐదు నిమిషాల గురించి చెప్పలేదు" అని లేచిపోయాడు. వాడూ ఇంజినీరే, ఏం చేస్తాం.

ఇంకొకటి. ఈ థ్రెడ్ లింకు మా పాత రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. యాంటెన్నా పట్టుకున్న ఆయన ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. రాత్రి ఒంటిగంటకి జవాబు పెట్టాడు, ఉన్నదున్నట్టు ఇక్కడ వేస్తున్నా:

"ఒరేయ్, యాంటెన్నా పట్టుకుంది నువ్వు. జెన్సెన్ షాట్ పడ్డప్పుడు నువ్వు ఎగిరి గెంతితే బొమ్మ పోయింది, అందరం కలిసి నిన్ను తిట్టాం. మెక్లెయిన్ నేల మీద పడుకున్నది నువ్వు చూడలేదు. మర్నాడు పేపర్లో ఫోటో చూశావు."

మిగతా నలుగురిలో ఇద్దరు ఆయన వైపు, ఒకరు నా వైపు. ఆరోవాడు అసలు ఆ టీవీ కలర్‌ది అంటున్నాడు.

---

కొత్తమీర | మార్చి 17, ఉదయం 8:03

బాబాయ్, అయితే రెండు నిమిషాలూ గోడే చూశారా?

---

పాతకాపు_ఫిల్లీ | మార్చి 17, ఉదయం 8:11

మెక్లెయిన్ పడుకున్నది నాకు కుడిచేతి వైపు కనపడింది. టీవీ మీద ఎవరో పెట్టిన స్టీలు గ్లాసు కూడా గుర్తుంది. గోడ మీద ఏముందో మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు, మరి నేను పట్టుకుంటే గుర్తుండాలి కదా?

---

లెక్కల_మాస్టారు | మార్చి 17, ఉదయం 8:30

ఆ వీడియో మళ్లీ పెట్టి చూడండి పాతకాపు గారూ. మెక్లెయిన్ ఏ వైపు పడ్డాడో తేలితే మిగతాది నేను చూసుకుంటాను.